ఇల్లు – వాకిలి: తులసికోటకడ త్రవ్విన కుక్క

ఏలూరు నుండి యొక సోదరి వ్రాసిన జాబు ఈ మాసము నా బల్లమీదికి వచ్చినది. వారి యింట ఒకటిన్నర యేండ్ల కుక్క యొకటి కలదట. పుట్టింటివారు కొల్లేటి దాపుననున్న పల్లెనుండి ముచ్చటపడి పంపిరి. పిల్లగా నున్నప్పుడు ఇంటిల్లిపాదియు దానిని ఒడిలో పెట్టుకొని ముద్దాడినవారే. ఇప్పుడు అది పగలెల్ల పెరటిలో జామచెట్టునకు గొలుసుతో కట్టబడి యుండును. విప్పినంతనే పరుగున పోయి తులసికోట మొదట గుంట త్రవ్వును. గుమ్మము కడనున్న చెప్పులను కొరికి పీలికలు చేయును. ఇంటివారందరును పనులకు పోయిన మధ్యాహ్నవేళ ఇరుగుపొరుగువారు విసుగు చెందునట్లు కూయును. అత్తగారు తులసికోట సంగతి చూచి, ఇది అపచారమనియు, నెలాఖరులోగా దానిని ఊరిబయట విడిచి రావలసినదనియు గట్టిగా చెప్పివేసిరట. కొట్టి చూచితిమి, తిట్టి చూచితిమి, ఒకపూట పస్తుంచి చూచితిమి, దానికి బుద్ధి రాలేదు, ఏమి చేయుదుమని సోదరి యడుగుచున్నది.

మొదట ఆ విడిచివచ్చుట యను మాటకు సమాధానము చెప్పెదను. ఇంటిలో పెరిగిన కుక్కకు తిండి వెదకికొను తెలివి ఉండదు. కొత్తచోటి కుక్కలు దానిని తమ వీధిలో అడుగు పెట్టనీయవు. ఆకలికో, కాట్లకో, బండిచక్రమునకో అది లోబడిపోవును. అంతేకాక, ఆకలిదప్పులతో బాధపడునట్లు జంతువును విడిచిపెట్టుట 1960 సంవత్సరపు జంతుహింసా నివారణ చట్టము ప్రకారము నేరము. ఈ చట్టమునకు మూలమైన ప్రయత్నము ఒక స్త్రీది. నాట్యకళకు పేరెన్నికగన్న రుక్మిణీదేవి అరండేల్ 1953లో రాజ్యసభలో ఇట్టి బిల్లును ప్రవేశపెట్టగా, దాని ఫలితముగనే తరువాత ప్రభుత్వము ఈ చట్టమును తెచ్చినది. ఆ చట్టములోనే పదునొకండవ విభాగమున మరియొక మాట యున్నది. అది మనలో పెక్కుమంది యెరుగరు. ఎల్లప్పుడు గొలుసుతో కట్టియుంచిన కుక్కకు తగిన నడకయు వ్యాయామమును కల్పింపకుండుట కూడ నేరమే. జామచెట్టు గొలుసునకును ఇది వర్తించును. సోదరిని బెదరించుటకు ఈ మాట వ్రాయుట లేదు. కుక్కకు తిండితోపాటు తిరుగుటయు నొక అవసరమని శాసనకర్తలు సైతము గుర్తించిరని చెప్పుటకే వ్రాయుచున్నాను.

ఇక కుక్క సంగతి. జాబులోని వర్ణన చూడగా, అనగా ఒంటికంటుకొనిన పొట్టివెండ్రుకలు, ముడుతలుపడిన నుదురు, సన్నని కాళ్లు, మొరుగుటకు మారుగ సాగదీసి కూయుట, ఇవి చూడగా ఇది మన జోనంగి జాతిదని తోచుచున్నది. కొల్లేటి పరిసరములలో బాతులమందలను తోలుటకు ఈ కుక్కలను పెంచెడివారు. వరికోతలైన చేలలో వందలకొలది బాతులను చెదరనీయక, ఒక్కదానిని కరవక, పొద్దంతయు నడిపించుట వీని వృత్తి. వేటకు కూడ పనికివచ్చెడివి. చేపలచెరువులు పెరిగి బాతులమేపు తగ్గిన కొలది ఈ జాతియు తగ్గిపోయినది. నేలను త్రవ్వి ఆ గుంటలో పడుకొనుట వీనికి పుట్టుకతో వచ్చిన అలవాటు. తరతరములుగా ఇంత పనిచేసిన వంశములో పుట్టిన జంతువును నాలుగు మూరల గొలుసునకు కట్టి, ఊరకుండుమన్నచో ఎట్లుండగలదు?

సోదరీ, ఒక్క ప్రశ్న. మీ పెరటిలో వేసవియందు మెత్తగా, చల్లగా నుండు నేల యెక్కడ నున్నది? ప్రతిదినము ఉదయమున స్నానము చేసి మీ అత్తగారు నీరు పోయుచోట కాదా? కోటనుండి జారిన నీటితో ఆ మొదటి మన్ను తడిసియుండును. తక్కిన పెరడంతయు గట్టిపడి కాలుచుండును. కుక్కకు మనవలె ఒళ్లంతయు చెమటపట్టదు. అరికాళ్లలో కొంచెము పట్టును. నాలుక వ్రేలవేసి ఒగర్చుట చేతనే అది వేడిని పోగొట్టుకొనును. పైమన్ను తొలగించి అడుగున నున్న చల్లని మంటికి కడుపానించి పడుకొనుట దాని పూర్వులు నేర్చిన వైద్యము. అది తులసికి అపచారము చేయలేదు. పెరటిలో కొలదిగనున్న చల్లదనమును కనిపెట్టినది.

చెప్పుల సంగతియు నిట్టిదే. మన వాసన మిక్కుటముగ పట్టియుండు వస్తువులలో చెప్పు మొదటిది. ఒంటరిగా నున్న వేళ యజమాని వాసనగల తోలు నమలుటకంటె దానికి ఊరట ఏమున్నది?

ఈ మాటలు నేను పుస్తకములు చూచియే చెప్పుట లేదు. మా యింట మోతీ యను కుక్క పదునొకండేండ్లు బ్రతికినది. వేళకు అన్నము, నీళ్లు, చలికాలమున గోనెపట్టా, అన్నియు అమర్చితిమి. కాని అది బ్రతికినంతకాలము వసారాస్తంభమునకు కట్టబడియే యుండెను. గొలుసు పొడుగున అర్ధచంద్రాకారముగ గచ్చు అరిగిపోయినది. చిన్నతనమున అరచెడిది, తరువాత మానినది. బుద్ధి వచ్చినదని మేము సంతోషించితిమి. అది బుద్ధి కాదు, ఆశ యుడిగిపోవుటయని నాకు తెలియుసరికి మోతీ లేదు. ఆ గచ్చును మరల వేయించుటకు నాకు చేతులు రాలేదు.

కుక్కకు లోకము ముక్కులో నున్నది. మనము ఊపిరియు వాసనయు ఒక్కదారినే పీల్తుము. కుక్క పీల్చిన గాలి లోపల రెండుపాయలై, ఒకటి ఊపిరితిత్తులకును, ఒకటి వాసన గ్రహించు చోటికిని పోవును. విడుచు గాలి ముక్కుపుటముల ప్రక్కచీలికలనుండి వెడలును గనుక క్రొత్తవాసన లోనికి వచ్చుటకు అడ్డు తగులదు. వీథిలో విద్యుత్తు స్తంభము కడ అది నిలిచినప్పుడు మనము 'పద పద' యని త్రాడు లాగుదుము. ఆ స్తంభము దానికి దినపత్రిక. ఎవరు వచ్చిరి, ఎప్పుడు పోయిరి, ఆడదా మగదా, ఈ సంగతులన్నియు అక్కడ చదువుకొనును. చదువుచున్న పత్రికను చేతిలోనుండి లాగివేసినచో మనకెట్లుండును?

శార్లొట్ దురాంటన్, అలెగ్జాండ్రా హోరోవిట్జ్ అను ఇరువురు స్త్రీలు 2019లో ప్రకటించిన పరిశోధన యొకటి ఈ సందర్భమున చెప్పదగినది. ఒకప్రక్క పెట్టిన గిన్నెలో తిండి యుండుననియు, రెండవప్రక్క గిన్నె వట్టిదనియు కుక్కలకు నేర్పిరి. పిమ్మట గిన్నెను నడుమ పెట్టి, కుక్క ఎంత వేగముగ పోవునో చూచిరి. ఆశగలది పరుగెత్తును, ఆశలేనిది తడబడును. తరువాత రెండువారములు కొన్నిటిచేత వాసనపట్టి తిండి వెదకు ఆట ఆడించిరి. కొన్నిటికి యజమాని ప్రక్కన క్రమముగా నడచుట నేర్పిరి. మరల పరీక్షింపగా వాసనయాట ఆడినవి మునుపటికంటె త్వరగా గిన్నెవద్దకు పోయినవి. రెండవ తెగలో అట్టి మార్పు కానరాలేదు. ముక్కుకు పని కల్పించినచో మనసునకు ఆశ కలుగునన్నమాట. మోతీని తలచుకొని ఈ సంగతిని నేను పలుమార్లు చదివితిని.

కావున సోదరి చేయవలసిన మొదటిపని సంతలో కొనునది కాదు. కుక్క తిండిలో సగము గిన్నెలో పెట్టుట మానవలెను. పెరుగన్నమైనచో గిన్నెయే మేలు. కాని ఉడికించిన గ్రుడ్డుముక్కలు, ఎముకలేని మాంసపుముక్కలు, ఎండురొట్టె, ఉడికించిన క్యారెట్టు, దోసముక్కలు మొదలగువానిని దాచి పెట్టవచ్చును. పాతతువాలును పరచి, ముక్కలు చల్లి, వదులుగా చుట్టి దానిముందు వేయుడు. మొదటినాడు రెండుచుట్లు చాలును. ముక్కుతో నెట్టి, పంజాతో లాగి విప్పుకొనును. నేర్చిన పిమ్మట చుట్లు హెచ్చింపుడు. అట్టపెట్టెలో కాగితపుటుండల నడుమ దాచుడు. పెట్టెను అది చింపినచో కోపపడవలదు; చింపుటకే యిచ్చితిమి గదా. అయితే గుడ్డను గాని అట్టను గాని మ్రింగు అలవాటున్న కుక్కకు దగ్గర నిలిచియే ఈ ఆట పెట్టవలెను. ఇంటివారు బయటికి పోవుటకు ముందు కొంతసేపు ఇట్లు వెదకి అలసిన కుక్క తరువాత పండుకొను అవకాశము హెచ్చు. మధ్యాహ్నపు కూతలు ఒక్కదినమున మానవు, నెమ్మదిగా తగ్గును.

ఇవ్వకూడనివి కూడ చెప్పవలెను. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, కిస్మిస్, చాక్లెట్టు కుక్కకు విషతుల్యములు. మన కూరలలో ఉల్లి లేనిది అరుదు గనుక మిగిలిన కూర కలిపిపెట్టు ఆచారము మంచిది కాదు. ఉడికిన ఎముక చీలి గొంతులోను ప్రేగులలోను గ్రుచ్చుకొనును.

రెండవది నడక. తెల్లవారుజామున నొకమారు, సందెచీకటివేళ నొకమారు. ఈ వేళలయందే కుక్కకు సహజముగ చురుకుదనము హెచ్చు. ఎండవేళ తారురోడ్డుమీద నడిపించిన అరికాళ్లు బొబ్బలెక్కును. మన అరచేతి వెనుకభాగమును కొన్నిక్షణములు రోడ్డుకు ఆనించి, తాళలేకున్నచో నడకను మానుకొనవలెను. ఎంతదూరము పోయితిమన్నది లెక్కలోనిది కాదు. పొడుగైన త్రాడు కట్టి, దాని యిష్టమువచ్చినచోట నిలువనిచ్చి, వాసన చూడనిచ్చిన అరగంట, పరుగెత్తించిన గంటకంటె మేలని నా యభిప్రాయము. పరువు పోవునని కొందరు సిగ్గుపడుదురు, పోనిండు.

ఇక గుంట. త్రవ్వుటను మాన్పలేము, చోటు మార్చగలము. పెరటిలో నీడపట్టున, వేపచెట్టు క్రిందనో గోడమూలనో, నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు చోటు చూచి, మూరెడు లోతు త్రవ్వి, ఇసుకయు మెత్తని మన్నును కలిపి నింపుడు. చుట్టును ఇటుకలు పేర్చినచో హద్దు తెలియును. ఉదయమున ఆ యిసుకమీద రెండు చెంబుల నీరు పోయుడు. మొదట పైపైననే దానికి ప్రియమైన ముక్క నొకటి పాతి, అది చూచుచుండగనే చూపింపుడు. త్రవ్వి తీసికొన్నంతనే మెచ్చుకొనుడు. అదేదినమున తులసికోట మొదట బల్లపరుపు రాళ్లు పరపింపుడు. ఇది శిక్ష కాదు. అక్కడి చల్లని మన్ను అందక, ఇక్కడిది అందినచో కుక్క తానే వచ్చును. తులసికడ దానిని పట్టుకొనినప్పుడు కొట్టక, పిలిచి గుంటకడకు తీసికొనిపోవలెను. గడచిన తప్పునకు తరువాత కొట్టినచో దానికి తప్పు తెలియదు, మీరన్న భయము మాత్రము తెలియును.

అత్తగారితో వాదమునకు దిగవలదని నా మనవి. ఆమె చెప్పిన దానిలో న్యాయము లేకపోలేదు. పూజచేయు చోటు పాడగుట ఎవరికైనను కష్టమే. రాళ్లు పరపించునప్పుడు ఏ రాయి ఎక్కడ వేయవలెనో ఆమెనే అడుగుడు. తులసికి నీరుపోయగా చెంబులో మిగిలిన నీటిని గుంటలో పోయుమని ఆమెనే కోరుడు. ఒప్పుకొన్నచో, ముక్కను దాచు పనియు కొన్నాళ్లకు ఆమెకే అప్పగింపవచ్చును. కుక్క తనకు తిండి దాచు చేతిని మరువదు.

చిన్నపిల్లలుగల యిండ్లవారికి ఒకమాట. తినునప్పుడును, నిద్రించునప్పుడును, గుంటలో పనిలో నున్నప్పుడును పిల్లలు దానిని ముట్టరాదు. రేబీసు టీకాను వైద్యుడు చెప్పిన గడువున తప్పక వేయింపవలెను. ఎన్నడు లేనిది హఠాత్తుగా కూతలు గాని, త్రవ్వుట గాని, తిండి మానుట గాని మొదలైనచో ఈ యుపాయములన్నిటికంటె ముందు పశువైద్యునికి చూపవలెను. నొప్పియు అల్లరివలె కనబడుట కలదు.

గుంటలోని ఇసుకను పదిదినముల కొకమారు తిరుగవేసి ఎండనీయుడు. రాత్రులందు పిల్లులు మలవిసర్జనకు అందు చేరును గనుక పాతగోనెపట్టా కప్పియుంచుడు. వానకాలము వచ్చినప్పుడు నీరు నిలువకుండ అడుగున కంకర వేయవలసియుండును. గొలుసును ఏమి చేయవలెనని సోదరి యడుగలేదు గాని, ప్రహరీ ఎత్తుగ నుండి తలుపునకు గడియ సరిగా పడుచున్నచో దానిని విప్పి అటుకుమీద పెట్టవచ్చును. నెలాఖరునకు అత్తగారేమనిరో వ్రాసి పంపుదురని ఎదురుచూచుచుందును.