తొలి ఎద్దు

పాచిపెంట కొండపల్లెల నుండి వచ్చే విద్యార్థులవి కత్తి ఎరుగని చేతులు కావు. గొడ్డలికి కామ అమర్చడం, నాగలికి మేడి చెక్కడం ఇంటి ముంగిట చూస్తూ పెరిగినవారు వారిలో ఎందరో ఉన్నారు. అటువంటివారికి కర్రతో ఒక జంతువును చెక్కే అవకాశాన్ని కళాశాల ఎందుకు ఇవ్వరాదని మా ప్రశ్న.

ఇదంతా పొద్దుపోని వేడుక అనేవారున్నారు. ఉలి పట్టి చూచినవారు అలా అనరు. కొత్తవాడు మొట్టమొదట కోరుకునేది నిలబడిన ఎద్దునే. అడ్డముగా పెట్టిన చెక్కపై రూపురేఖ గీచుకొని, బాడిసతో మోటుగా తొలచి, ఉలితో మూపురం తీర్చుతాడు. అంతవరకు అంతా సవ్యమే. కాళ్ళు సన్నబడగానే ఒకటి పుటుక్కున విరుగుతుంది. దోషం చేతిది కాదు. కర్రలోని నార మొండెం పొడవునా సాగుతూ ఉండగా కాళ్ళు దానికి అడ్డంగా వచ్చాయి. అడ్డనారకు సత్తువ ఉండదు.

ఇదే చిక్కును కొండపల్లి పనివారు ఎంత చక్కగా విప్పారో! తేలికైన తెల్లపొణికి కర్రను వేడిచేసి తడి పోగొట్టి, అవయవాలను విడివిడిగా చెక్కి, చింతగింజల జిగురులో రంపపుపొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. ఏ ముక్క నార ఆ ముక్క పొడవున ఉంచుకొనే వీలు అందులో ఉన్నది. మన కొండలకు దిగువనున్న ఏటికొప్పాకవారి మార్గం వేరు: అంకుడు కర్రను తరిమెన పట్టి, లక్కరంగులు ఎక్కిస్తారు. 2023లో ఆ ఊరి సి.వి. రాజుగారికి పద్మశ్రీ లభించినప్పుడు అందరం సంతోషించాము. సంతోషించడానికి వేళ దొరికింది గాని, చెక్కడానికి మాత్రం కాలపట్టికలో చోటు దొరకదట!

కనుక కొత్తవారు తాబేలుతోనో, పడుకున్న ఆవుతోనో ఆరంభించాలి. అందులో విరిగే కాళ్ళుండవు. పచ్చని చెట్టును నరకనక్కరలేదు, వడ్రంగి పనిలో మిగిలిన మెత్తని ముక్కలు చాలు. ఉలి పదునుగా ఉండాలి, మొద్దుదే జారి చేతిని కోస్తుంది. ఈ పనిలో ఉర్దూ మాధ్యమం, తెలుగు మాధ్యమం అనే భేదమూ లేదు.

వార్షికోత్సవ ప్రదర్శనలో అంగడి బొమ్మలకు బదులు ఈ మోటు తాబేళ్ళనే, విరిగిన ఎద్దుతో సహా, బల్లపై పెట్టవలెనని మా అభిప్రాయం. కమిటీ పెద్దలను కోరేది స్వల్పమే: వారానికొక గంట, అరడజను ఉలులు, ఒక సానరాయి, నేర్పడానికి ఒక వడ్రంగి, ఆయనకు తగిన గౌరవ వేతనం.