పాట కింద అమ్మమ్మ గొంతు

బదిలీల ఉద్యోగంలో మంచాలు, బీరువాలు ఎలాగో చేరతాయి, పోయేవి వీడియోలే. మూవీ మేకర్‌లో అమ్మమ్మ మాటల మీద సినిమా పాట పెట్టి మురిసిపోయాను. బదిలీ రాగానే ప్రాజెక్టు ఫైలు ఒక్కటే పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకున్నాను. కొత్త ఊళ్లో తెరిస్తే క్లిప్పులు లేవు. ఆ ఫైలులో వీడియో ఉండదు, అది ఎక్కడుందో చెప్పే చిరునామానే ఉంటుందట! మిగిలింది బంధువులకు పంపిన వీడియో. అందులో వినబడేది పాటే.

పిల్లలూ, ఓపెన్‌షాట్ నేర్చుకోండి, ఉచితమే. ఎఫెక్టుల సంగతి తర్వాత. ముందు అసలు క్లిప్పులన్నీ ఒకే ఫోల్డర్‌లో పెట్టి, మరోచోట నకలు ఉంచండి. దగ్గు, కుక్కర్ విజిల్, ‘ఇంక చాల్లే’ అన్న విసుగు, ఇవేవీ కత్తిరించకండి. మా అమ్మమ్మ శ్రీకాకుళం యాస ఇప్పుడు నా దగ్గర ఎక్కడా లేదు.