వెన్నెల వేరు, ఒంటి రంగు వేరు

రాజా రవివర్మ 1890లో వేసిన 'వెన్నెల్లో రాధ' చిత్రాన్ని మీలో చాలామంది చూసే ఉంటారు. ఏటి ఒడ్డున రాధ ఒంటరిగా కూర్చుని ఉంటుంది. వెనక చందమామ. కృష్ణుడు ఎక్కడా కనబడడు. అయినా ఆమె ఎవరికోసం ఎదురుచూస్తోందో మనకి ఒకరు చెప్పక్కర్లేదు.

ఆ బొమ్మలో నాకు నచ్చేది వెలుగు. దేవతల బొమ్మల్లో తల వెనక గుండ్రంగా గీసే కాంతివలయం ఇక్కడ లేదు. చుట్టూ రాత్రిని పరిచి, ఆ మనిషిని మాత్రం వెలిగించాడు చిత్రకారుడు. గొప్పంతా ఆ చీకటిదే. పట్టపగలు పెట్టిన దీపాన్ని ఎవరు చూస్తారు చెప్పండి?

మొన్న పదో తరగతి చదువుతున్న మా అమ్మాయికి ఆ బొమ్మ చూపించాను. "బాగుందమ్మా. కానీ వెన్నెల్లో మెరవాలంటే తెల్లగానే ఉండాలా?" అంది. తను చామనఛాయ. పెళ్ళిళ్ళకి వెళ్ళినప్పుడల్లా "అయ్యో, తల్లి రంగు రాలేదే!" అనే మాట విని విని ఉంది.

1894లో రవివర్మ బొంబాయిలో అచ్చుయంత్రం పెట్టించాక దేవుళ్ళ పటాలు ఇంటింటికీ చేరాయి. గుడి గడప తొక్కనివ్వని వాళ్ళ ఇళ్ళల్లోకీ దేవుడు నడిచొచ్చాడు. అది చిన్న మేలు కాదు. కానీ ఆ పటాలతోపాటు పసిమిఛాయ కూడా మన గోడల మీదికి ఎక్కింది. భారతంలో ద్రౌపది నల్లనిది, అందుకే ఆమెకి 'కృష్ణ' అని పేరు. సత్యవతికి 'కాళి' అని మరో పేరు. బొమ్మల్లో మాత్రం ఇద్దరూ తెల్లనివాళ్ళే. నల్లనయ్య నలుపు మనకి ముద్దే, ఆడపిల్ల దగ్గరకొచ్చేసరికి అది లోటైపోతుంది!

తప్పంతా రవివర్మదే అనను. ఆయన వేసింది వెన్నెల. దాన్ని ఒంటి రంగు అనుకుని, పెళ్ళిచూపుల్లో కొలబద్దగా వాడుకుంటున్నది మనమే.

నిజం వెన్నెలకి ఈ పట్టింపు లేదు. దాని కింద ఎర్రచీర ఎరుపు కోల్పోతుంది, ఆకుపచ్చ బూడిదరంగులోకి దిగుతుంది. పున్నమినాడు అమ్మాయిని డాబా మీదికి తీసుకెళ్ళి, తన చెయ్యి పక్కన నా చెయ్యి పెట్టాను. "ఇందులో ఏది ఎవరిదో చెప్పు" అన్నాను.

కాసేపు పరీక్షగా చూసింది.

"గాజుల్ని బట్టి చెప్పాలమ్మా" అని నవ్వింది.