సెలవులలో కొండయు గుడారమును

దసరా సెలవులు గాని సంక్రాంతి సెలవులు గాని వచ్చినంతనే మన చీరాల పిల్లలకు రెండే దారులు. ఒకటి ట్యూషను; రెండవది మేనమామగారి యిల్లు. కొంచెము కలిగినవారు సాయంకాలము వాడరేవునకో రామాపురమునకో పోయి, అలలలో కాళ్లు తడుపుకొని, చీకటి పడకముందే తిరిగి వత్తురు. సముద్రమును మేము తక్కువ చేయము. అది మన పెరటిది. అయినను ప్రత్తి, మిరపచేల నడుమ చదునునేలపై పెరిగిన మన పిల్లలలో కొండను తమ కాళ్లతో నెక్కినవారును, అడవిలో నొక రాత్రి గడపినవారును ఎందఱు? సంవత్సరమున కొకమాఱైనను కుటుంబమంతయు కలిసి యట్టి యాత్ర చేయవలెనని మా యభిప్రాయము.

దీనివలన చదువు చెడునను తలిదండ్రులు కలరు. వారు ముందు కొండవీడు పోయి చూడవలెను. పర్చూరు, చిలకలూరిపేటల మీదుగా ఒకదినములో పోయి రాదగిన చోటది. రెడ్డిరాజుల రాజధాని, శ్రీనాథుడు పెదకోమటి వేమారెడ్డి యాస్థానమున విద్యాధికారిగా నుండెను, 1515లో శ్రీకృష్ణదేవరాయలు దానిని గజపతులనుండి గెలిచికొనెను. ఈ మూడు మాటలును పుస్తకమున నొక పుటలో ముగియును. కాని రొప్పుచు పైకెక్కి, కూలిన బురుజు నీడను కూర్చుండి క్రిందికి చూచిన బాలునకు, రాజులు కొండ నేల కోరుకొనిరో వేఱొకరు చెప్పనక్కఱలేదు. అంత యెత్తున అంతమందికి నీరెక్కడిదని యడిగిన, ముత్యాలమ్మ చెరువు, పుట్టలమ్మ చెరువు, వెదుళ్ల చెరువు బదులు చెప్పును.

ఇప్పుడు కొండపైకి ఘాటురోడ్డు వేసియున్నారు. ముసలివారికిని చంటిబిడ్డల తల్లులకును అది మేలే. నడవగలవారు సైతము కారులో పైకిపోయి, సెల్‌ఫోనుతో నాలుగు ఫొటోలు తీసికొని గంటలో దిగివచ్చుట మాత్రము మాకు నచ్చదు. తిరుమల మెట్లు మ్రొక్కుకొని యెక్కువారు మనవారే గదా!

రాత్రి బసకు నల్లమల తగినది. అది పెద్దపులుల యునికిపట్టు గనుక ఇష్టము వచ్చినచోట గుడారము వేయరాదు. నాగార్జునసాగరు-శ్రీశైలము పులుల సంరక్షణ ప్రాంతము మనదేశమున నట్టివానిలో నన్నిటికంటె విశాలమైనది. మార్కాపురము మీదుగా దోర్నాల దాటి ఆత్మకూరు పోవు అడవిదారిలో బైర్లూటికడ అటవీశాఖవారు యాత్రికులకు బస యేర్పఱచినారు. వానకాలమున అడవిలోనికి రానీయరు. దసరా మొదలు మాఘము వఱకు మంచి కాలము. అడవిలో కావలివాని వెంటనే నడువవలెను. చెంచువాడు మట్టిలోని జాడను జూచి యిది దుప్పి, యిది ఎలుగు అని చెప్పునపుడు, అట్టి చదువును ఏ ట్యూషనులోను చెప్పరు.

పిల్లలు గుడారములో నిద్రింపగలరా యని భయపడువారికి మన యూరి కథనే జ్ఞాపకము చేయుదుము. 1921లో పురపాలక సంఘపు పన్నుల నెదిరించి, దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున చీరాల-పేరాల ప్రజలు ఇండ్లు విడిచి, ఊరివెలుపల రామనగరమున పాకలు వేసికొని పదునొకండు నెలలు కాపురముండిరి. అది వినోదము కాదు, మహాకష్టము. వారి మునిమనుమలు ఒకరాత్రి గుడ్డకప్పు క్రింద పండుకొనిన కందిపోరు.

ఇక ముఖ్యమైన మాట. యాత్రయన విశ్రాంతి యని మనమందఱము అందుము. ఎవరికి విశ్రాంతి? కార్తిక వనభోజనములు చూచిన తెలియును. తల్లులు తెల్లవారకముందే లేచి పులిహోర కలిపి, గారెలు వండి, తోటలో మరల పొయ్యి రాజేసి, అందఱకును వడ్డించి కడపట తాము తిందురు. ఆలోగా మగవారు ఉసిరిచెట్టు నీడను పేకాట సాగింతురు. ఇట్లయిన తల్లికి పొయ్యి చోటు మాఱినదే గాని పని మాఱలేదు. స్కౌటు శిబిరములలో బాలురు తమ యన్నము తాము వండుకొందురు. తలిదండ్రులతో వచ్చినపుడు ఆ విద్య యెక్కడ పోవును? మూటలు కట్టుట, నీళ్లు మోయుట, పొయ్యి యూదుట, గిన్నెలు తోముట తండ్రియు పిల్లలును పంచుకొనవలెను. ఆడపిల్లకు గిన్నెలు, మగపిల్లవానికి బంతి యను పంపకము పనికిరాదు. పప్పు మాడినను మాడనిండు. చెట్టు మొదట చాప పఱచుకొని కూర్చున్న తల్లి దానిలో ఉప్పు తగ్గినదని చెప్పుచుండగా, తండ్రి లేచిపోయి ఆ ఉప్పు తేవలెను.