ఇంటి ముందు నుంచి రోడ్డు, ఎక్కే దారి ఎక్కడ?

భూపాలపల్లికి రైలు లేదు. సింగరేణి గనుల బొగ్గయినా, చెల్పూరు థర్మల్ కేంద్రం బూడిదయినా, మహదేవపూర్ వైపు గోదావరి ఇసుకయినా కదలాలంటే లారీయే దిక్కు. కాళేశ్వరం వంతెన దాటి మహారాష్ట్రలోని సిరొంచ నుంచి వచ్చే సరుకూ భూపాలపల్లి మీదుగా పోయే 353సి జాతీయ రహదారే ఎక్కుతుంది. ఇసుక లారీలు కాటారం, భూపాలపల్లి, పరకాల, హనుమకొండ దాటి జనగామ మీదుగా హైదరాబాద్ చేరతాయి. హనుమకొండ దాటాక వాటికి నాలుగు వరుసల 163వ జాతీయ రహదారి దొరుకుతుంది. అవస్థంతా అంతకు ముందే. బడి పిల్లలు, బైకులు తిరిగే ఊళ్ల నడిబొడ్డునే టిప్పర్లు బారులు తీరుతాయి.

ఇప్పుడు అందరి ఆశా నాగ్‌పూర్-విజయవాడ కారిడార్ అనే కొత్త రహదారి మీదే. 108 కిలోమీటర్ల మంచిర్యాల-వరంగల్ భాగానికి 2023 జులై 8న వరంగల్‌లో ప్రధాని శంకుస్థాపన చేశారు. దీనివల్ల ఆ రెండు ఊళ్ల మధ్య దూరం 34 కిలోమీటర్లు తగ్గుతుందని, 44, 65 జాతీయ రహదారులపై రద్దీ పలచబడుతుందని కేంద్రం చెప్పింది. మరో 108 కిలోమీటర్ల వరంగల్-ఖమ్మం భాగానికి అదే ఏడాది అక్టోబర్ 1న మహబూబ్‌నగర్‌లో శంకుస్థాపన జరిగింది.

మంచిదే. కానీ ఇది ఎక్కడ పడితే అక్కడ ఎక్కే రోడ్డు కాదు. ఇంటర్‌ఛేంజ్ ఉన్నచోటే ఎక్కాలి, అక్కడే దిగాలి. సాగు భూములు పోతున్నాయని వరంగల్, ఖమ్మం జిల్లాల రైతులు ఆందోళనకు దిగిన రోడ్డు ఇది. మహబూబాబాద్ రైతు భూమి ఇచ్చీ, తన మిర్చి బస్తాలను వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కో ఖమ్మానికో పాత దారినే మోసుకుపోతే ఆ త్యాగానికి దక్కిందేమిటి?

అందుకే కారిడార్‌తో పాటే లింకు రోడ్లకూ నిధులివ్వాలి. పరకాల-భూపాలపల్లి-కాటారం దారిని నాలుగు వరుసలు చేసి, భూపాలపల్లికి బైపాస్ వేసి కారిడార్‌కు కలపాలి. ఈ మూడింటిలో ముందు పట్టాల్సింది ఆ బైపాస్ పనే, అక్కడ ప్రాణాలకే భయం.

జనగామ సంగతి వేరు. కారిడార్ ఆ జిల్లాను తాకదు. అయినా 163వ రహదారీ, సూర్యాపేట-సిద్దిపేట 365బి రహదారీ అక్కడే కలుస్తాయి. మహబూబాబాద్ నుంచి తొర్రూరు, పాలకుర్తి మీదుగా జనగామకు ఉన్న దారిని వెడల్పు చేస్తే హైదరాబాద్ సరుకు వరంగల్ ముఖం చూడకుండానే పోతుంది. పాత దారి వెంటే విస్తరిస్తే కొత్తగా తీసుకోవాల్సిన భూమీ తగ్గుతుంది. కారిడార్ పనులు సాగుతుండగానే ఈ దారుల సర్వే మొదలుపెట్టాలి.