జమా–ఖర్చు: మూడు నెలల పద్దు

మా తోడల్లుడికి కొన్నేళ్ళ క్రితం క్రానిక్ మైలాయిడ్ ల్యుకేమియా అని తేలింది. రక్త క్యాన్సరనగానే ఇంటిల్లిపాదీ బెంబేలెత్తిపోయాం. డాక్టరుగారు రోజూ వేసుకోమని ఇమాటినిబ్ మాత్రలు రాశారు. మూడు నెలలు తిరక్కుండానే తెల్లకణాలు మామూలు స్థాయికొచ్చాయి. మనిషి హుషారయ్యాడు. వికారంగా ఉందని ఒకరోజు, పెళ్ళి ప్రయాణమని మూడు రోజులు మాత్రలు మానేయసాగాడు. అడిగితే "రక్తం రిపోర్టు బాగానే ఉంది కదా అన్నయ్యా!" అనేవాడు.

డాక్టరుగారు మాత్రం ఆర్.ఎన్.ఏ. పరీక్ష మానొద్దన్నారు. అదేమిటో అర్థం చేసుకోవడానికి కామర్సు చదువుకున్న నాకు బ్యాంకు భాషే అక్కరకొచ్చింది.

కణంలో జన్యువు లాకర్లోని అసలు దస్తావేజు లాంటిది. అది బయటికి రాదు. దాని నకలు వస్తుంది. ఆ నకలే ఆర్.ఎన్.ఏ. ఈ జబ్బులో 9వ, 22వ క్రోమోజోములు ముక్కలు మార్చుకుంటాయని 1973లో జానెట్ రౌలీ కనిపెట్టారు. అలా రెండు జన్యువులు అతుక్కుని బి.సి.ఆర్.–ఎ.బి.ఎల్. అనే దొంగ దస్తావేజు పుడుతుంది. దాని నకళ్ళను బట్టి తయారైన ప్రొటీను తెల్లకణాలను అదుపు లేకుండా పెంచుతుంది. ఇమాటినిబ్ ఆ ప్రొటీనునే అడ్డుకుంటుంది.

మామూలు రక్త పరీక్ష కణాలను లెక్కపెడుతుంది. ఆర్.ఎన్.ఏ. పరీక్ష దొంగ నకళ్ళను లెక్కపెడుతుంది. మందు మొదలుపెట్టిన మూడు నెలలకు ఆ లెక్క 10 శాతంలోపుకు, ఏడాదికి 0.1 శాతంలోపుకు దిగాలంటారు. దిగింది మళ్ళీ ఎక్కుతోందంటే, కణాల లెక్క చెడకముందే మనకు హెచ్చరిక అందినట్టే.

మావాడి అంకె ఎక్కింది. "మాత్రలు రోజూ వేసుకుంటున్నారా?" అన్నదే డాక్టరుగారి మొదటి ప్రశ్న. తల వంచుకున్నాడు.

మందు సరిగ్గా పడకపోతే జబ్బు కణాలు మళ్ళీ పెరుగుతాయి. వాటిలో కొన్నింటి జన్యువులో చిన్న మార్పు వచ్చి, మందు ఆ ప్రొటీనుకు పట్టకుండా పోవచ్చు. ఆ మార్పును కూడా ఆర్.ఎన్.ఏ. నకలులోనే చదువుతారు. దాన్ని బట్టి డాసాటినిబ్, నిలోటినిబ్ వంటి మందులకు మారుస్తారు. టి315ఐ అనే మార్పు వస్తే ఈ మూడూ పనిచేయవు. పోనాటినిబ్ లాంటివి కావాలి.

అదృష్టవశాత్తు మావాడికి ఏ మార్పూ లేదని తేలింది. క్రమం తప్పక మాత్రలు వేసుకున్నాక అంకె మళ్ళీ దిగింది. పైకి శేషం సరిపోయినంత మాత్రాన పద్దులు సరిగా ఉన్నట్టు కాదని ముప్పయ్యేళ్ళ ఉద్యోగంలో నేను నేర్చుకున్నాను. అతను ఒంటిమీద నేర్చుకున్నాడు.

మన పత్రిక కూడా మూడు నెలలకోసారే కదా వచ్చేది! అది ఇంటికి చేరగానే మా మరదలు ముందు పరీక్ష తేదీ చూసి, ఆ తర్వాతే పేజీ తిప్పుతుంది.