ఐర్లండు గృహములలో బంగాళాదుంప

మన వంటయింట బంగాళాదుంప పది కూరలలో నొకటి. ఐర్లండు దేశపు బీదయిండ్లలోనో, 1845వ సంవత్సరమునకు పూర్వము అదియే కూర, అదియే అన్నము. ఆ యిల్లాండ్ర వాడుకలు కొన్ని మా సోదరీమణులకు విన్నవించుచున్నాము.

వసంతారంభమున విత్తనపు దుంపలను, ముక్కముక్కకు నొక కన్నైన నుండునట్లు కోయుట పెక్కిండ్ల స్త్రీల పని. పచ్చికనేలపై ఎరువును, తీరప్రాంతములందు సముద్రపు నాచును పరచి, దానిపై ఆ ముక్కల నుంచి, ఇరుప్రక్కల మట్టిపెళ్లలను పారతో నెత్తి కప్పెడివారు. ఈ యెత్తుమళ్ల నడిమి కాలువలగుండ వాననీరు పోయెడిది. గుడ్‌ఫ్రైడేనాడు కొన్నిదుంపలైన నాటుట శుభమని వారి నమ్మకము.

దుంపలను తొక్కతోనే యుడికించి, నీరు వార్చి, అల్లికబుట్టలో పోసి, బుట్టను ఇనుపకుండపై నుంచి, చుట్టును గూర్చుండి ఉప్పుతోను మజ్జిగతోను భుజించెడివారు. పచ్చిదుంప తురుమును, ఉడికిన దుంపను పిండితో కలిపి కాల్చిన రొట్టె 'బాక్స్‌టీ'. అక్టోబరు 31వ తేది రాత్రి, మెదిపిన దుంపలో ఆకుకూరయు వెన్నయు కలిపి 'కోల్కానన్' వండి, అందొక యుంగరము దాచెడివారు. అది దొరకిన కన్యకు శీఘ్రమే వివాహమగునట! ఈ వంటకములు నేటికిని అచ్చట కలవు.

జూలై మాసము మాత్రము కఠినమైనది. పాతదుంపలు నిండుకొనును, క్రొత్తవి యింకను ఊరవు. ఆ నెల చివరి యాదివారమునకు ముందే చేను త్రవ్వుట మంచి సంసారి లక్షణము కాదని పెద్దల మాట. అంతవరకు ఉన్నదానిని కొలిచి పెట్టుట తల్లి నేర్పు.

ఇంత నేర్పును 1845లో వచ్చిన తెగులునకు నిలువలేదు. బీదలు 'లంపర్' అను నొక్కరకమునే విశేషముగ నాటుచుండిరి. దానికి తెగులు నోర్చు శక్తి లేదు. చేలు నల్లబడెను, దుంపలు నేలలోనే క్రుళ్లెను. కొన్నియేండ్లలో సుమారు పదిలక్షలమంది మరణించిరి. రమారమి అంతమంది ఓడలెక్కి దేశాంతరమేగిరి. ఆ దినములందును ఓట్సు మొదలగు ధాన్యము దేశమునుండి యెగుమతి యగుచునే యుండెను. కొనుటకు బీదలయొద్ద సొమ్ము లేదు.

ఆ తల్లుల పొదుపునందు లోపము లేదు. చిన్నచెక్క భూమి, పెద్ద కౌలు వారిని ఒక్కపంటకు కట్టివైచినవి. రెండు మూడు విధముల పంటలు పెంచుకొను వీలు మనకున్నచో, ఆ వీలును పెరటిలోను గాదెలోను నిలుపుకొనుట గృహిణి ధర్మమని మా మనవి.